దుబాయ్‌లో బెడ్ స్పేస్ వెతుక్కుంటున్నారా? డబ్బిచ్చేముందు ఇవి అడగండి

దేరాలో, సత్వాలో, కరామాలో సూపర్ మార్కెట్ల పక్క గోడల మీద, బస్టాపు దగ్గర స్తంభాల మీద చిన్న చిన్న కాగితాలు అంటించి ఉంటాయి. బెడ్ స్పేస్ ఖాళీ, ఇండియన్స్ ఓన్లీ, మెట్రో దగ్గర. కింద ఫోన్ నంబరు. బెడ్ స్పేస్ అంటే పదిమందితో కలిసి ఉండే ఫ్లాటులో ఒక్క మంచం మాత్రం అద్దెకు తీసుకోవడం. కొత్తగా వచ్చినవాళ్ళు వెంటనే ఫోన్ చేసి నెలకెంత అని అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఈ ఫ్లాటు ఎజారీ ఎవరి పేరు మీద ఉంది?

ఎజారీ అంటే అద్దె ఒప్పందాన్ని దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంటులో నమోదు చేయడం. అది ఎవరి పేరున ఉంటే చట్టం లెక్కలో ఆ ఇంటికి కిరాయిదారు వాళ్ళే. మీరు కట్టే డబ్బు చాలాసార్లు ఓనరుకు పోదు. ఫ్లాటు మొత్తం తీసుకుని, మంచాలు వేసి నడిపించే మనిషికి పోతుంది. ఓనరు రాసి ఇచ్చిన అనుమతి లేకుండా కిరాయిదారు ఇంకొకరికి ఇవ్వకూడదని 2007 నాటి 26వ నంబరు చట్టం చెబుతుంది. అలా ఇస్తే, ఓనరు అతన్నీ మిమ్మల్నీ కలిపే ఖాళీ చేయించవచ్చు. నష్టపరిహారం అడిగే హక్కు మీకుంటుంది, కానీ అడగాల్సింది మీ దగ్గర డబ్బు తీసుకున్న ఆ మనిషినే.

నాకు ఇది అనుభవమే. వచ్చిన ఏడాది దేరాలో ఒక పార్టిషన్‌లో ఉన్నాను. హాలును ప్లైవుడ్‌తో మూడు ముక్కలు చేశారు. నా ముక్కకు కిటికీ లేదు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి తనిఖీవాళ్ళు వచ్చి వెళ్ళారని, సాయంత్రంలోగా అందరూ సామాను తీసేయాలని చెప్పారు. ఫ్లాటు నడిపే అతను ఫోన్ ఎత్తలేదు. ఆ నెల అద్దె, డిపాజిట్ రెండూ పోయాయి. రసీదు అడగకుండా చేతికి ఇచ్చిన డబ్బు అది. ఆ రాత్రి సూట్‌కేసుతో మెట్రో స్టేషన్ బయట కూర్చుని ఇంటికి ఫోన్ చేసి, అంతా బాగుందమ్మా అని చెప్పాను. ఇంకెవరికీ ఆ పరిస్థితి రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

తనిఖీలు ఇప్పుడు ఇంకా గట్టిగా ఉన్నాయి. 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ అల్ రిగ్గా, మురక్కబాత్, సత్వా, అల్ బర్షా, అల్ రఫ్ఫా ప్రాంతాల్లో అనుమతి లేని పార్టిషన్ల మీద చర్యలు మొదలుపెట్టింది. మంటలు అంటుకుంటే ఆ ప్లైవుడ్ గదుల్లోంచి బయటపడే దారి ఉండదు. అద్దె రెండు మూడు వందల దిర్హమ్‌లు తక్కువైనా పార్టిషన్ జోలికి పోకండి.

గది వెతికే ముందు మీ కంపెనీ సంగతి కూడా చూసుకోండి. యాభై మంది, అంతకన్నా ఎక్కువ కార్మికులున్న కంపెనీలు నెలకు 1500 దిర్హమ్‌ల కంటే తక్కువ జీతం వచ్చేవాళ్ళకు వసతి ఇవ్వాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చే మనవాళ్ళలో చాలామంది సోనాపూర్, అల్ ఖోజ్ క్యాంపుల్లో ఉండేది అలాగే. మీ ఆఫర్ లెటర్‌లో వసతి ఇస్తామని ఉందో, హౌసింగ్ అలవెన్స్ ఇస్తామని ఉందో చదవండి. వసతి ఇస్తామని ఉంటే, బెడ్ స్పేస్‌కు జేబులోంచి కట్టే ముందు కంపెనీని అడగండి.

బెడ్ స్పేస్ తప్పదనుకుంటే ఎజారీ కాగితం, ఓనరు అనుమతి చూపించమనండి. చూపించడానికి వెనకాడితే అక్కడినుంచి వచ్చేయండి. ఇంట్లో ఉండేవాళ్ళందరి పేర్లూ ల్యాండ్ డిపార్ట్‌మెంటు వాళ్ళ దుబాయ్ రెస్ట్ యాప్‌లో నమోదు చేయాలని 2022 నుంచి ఉంది, మీ పేరు కూడా ఎక్కించమనండి. డబ్బు వీలైతే బ్యాంకు నుంచి పంపండి. చేతికి ఇస్తే సంతకం చేసిన రసీదు తీసుకోండి, కనీసం వాట్సాప్‌లో ఇంత ముట్టిందని రాయించుకోండి. కరెంటు, నీళ్ళు, వైఫై, గ్యాస్ అద్దెలో కలిసే ఉన్నాయా, ఏసీ బిల్లు వేరా అన్నది ముందే తేల్చుకోండి. జూలై ఆగస్టుల్లో ఏసీ లేకుండా ఒక్క రాత్రి పడుకోలేరు.

నలుగురు నమ్మకమైనవాళ్ళు కలిస్తే ఓనరుతో మాట్లాడి, షేరింగ్‌కు అనుమతి రాయించుకుని, ఫ్లాటే తీసుకోవడం మంచిది. మొదట్లో భారం ఎక్కువ. ఏడాది అద్దెలో 5 శాతం డిపాజిట్, మామూలుగా ఇంకో 5 శాతం ఏజెంటు కమిషన్, కరెంటు కనెక్షన్‌కు 2000 దిర్హమ్‌ల డిపాజిట్ పడతాయి. అద్దె నాలుగైదు చెక్కుల్లోనో, ఒక్క చెక్కులోనో అడుగుతారు. చెక్కు ఎవరి ఖాతా మీద రాసిస్తారో భారమంతా వాళ్ళ మీదే పడుతుంది కాబట్టి, మిగతా ముగ్గురూ వాటా ఎప్పుడివ్వాలో కాగితం మీద రాసుకోండి. దానికి బదులు మీకు దొరికేది చట్టం అండ. రెన్యువల్‌లో అద్దె పెంచాలంటే ఓనరు 90 రోజుల ముందు చెప్పాలి. ఎంత పెంచొచ్చో ల్యాండ్ డిపార్ట్‌మెంటు రెంటల్ ఇండెక్స్‌లో మీరే చూసుకోవచ్చు. మీ అద్దె చుట్టుపక్కల రేటుకు పది శాతం లోపు తేడాలో ఉంటే అసలు పెంచకూడదు, ఎంత తేడా ఉన్నా 20 శాతం దాటకూడదు. ఇల్లు అమ్ముతున్నాననో, సొంతానికి కావాలనో ఖాళీ చేయించాలంటే నోటరీ ద్వారా గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ పన్నెండు నెలల నోటీసివ్వాలి. గొడవైతే దేరాలోని రెంటల్ డిస్ప్యూట్స్ సెంటర్‌కు వెళ్ళొచ్చు.

షార్జాలో అద్దె తక్కువ, నిజమే. కానీ దుబాయ్ మెట్రో అక్కడిదాకా పోదు, పొద్దున ట్రాఫిక్‌లో బస్సు గంటన్నర పట్టే రోజులుంటాయి. డ్యూటీ పన్నెండు గంటలైతే, రానూపోనూ ఆ మూడు గంటలు నిద్రలోంచే పోతాయి.

గది చూడటానికి రాత్రి తొమ్మిది తర్వాత వెళ్ళండి. అందరూ ఇంట్లో ఉండే వేళలోనే ఎంతమందికి ఒక బాత్‌రూమ్ పడుతుందో, వంటింట్లో స్టవ్ కోసం ఎంతసేపు నిలబడాలో తెలుస్తుంది. పరుపు ఎత్తి, మంచం కీళ్ళ దగ్గర ఫోన్ లైటు వేసి నల్లులున్నాయేమో చూడండి. మొహమాటపడకండి, ఒక్కసారి బట్టల్లోకి చేరితే నెలల తరబడి వదలవు. డిపాజిట్ కింద పాస్‌పోర్టు ఉంచమని ఎవరడిగినా ఇవ్వకండి, అలా ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. ఇచ్చి ఇరుక్కుంటే భారత కాన్సులేట్ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఆ రోజే ఫోన్ చేయండి.