పది నిమిషాల్లో ఏడాది పని – నాలుగో పాఠం: స్టేజీ మీద ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి

పోయిన పాఠంలో సదస్సులో పెట్టే ప్రాజెక్టు పోస్టర్ పని ముగించాం. పోస్టర్‌ని గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని బెంగళూరు 500-డి బస్సులో సిల్క్ బోర్డు దాకా నిలబడి వెళ్లినవాళ్లకి దాని అవస్థ తెలుసు. అయినా పోస్టర్‌తో ఒక సుఖం ఉంది. చూసేవాళ్లు తమకి కావలసిన ముక్క చదువుకుని పోతారు. స్టేజీ మీద ఆ వీలు లేదు, మీరు ఏది చెబితే అది, ఏ వరసలో చెబితే ఆ వరసలో వినాల్సిందే. మీరు తప్పుదారి పడితే హాల్లో అందరూ మీతోపాటు తప్పిపోతారు, కాకపోతే వాళ్ల చేతుల్లో ఫోన్లుంటాయి కాబట్టి వాళ్లకి పెద్దగా నష్టం లేదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మన దగ్గర ఆస్పత్రిలో రెసిడెంట్ అంటే ఎండీ చేస్తున్న డాక్టరనే అనుకుంటారు. అమెరికాలో ఫార్మ్‌డీ (ఫార్మసీలో డాక్టర్ డిగ్రీ) అయ్యాక ఏడాదిపాటు రెసిడెన్సీ చేసే ఫార్మసిస్టులుంటారు, ఆ ఏడాదిలో ఒక రీసెర్చ్ ప్రాజెక్టు కూడా చేయాలి. డిసెంబరులో ఏఎస్‌హెచ్‌పీ (అక్కడి ఆస్పత్రి ఫార్మసిస్టుల సంఘం) వాళ్ల మిడ్‌ఇయర్ సమావేశంలో చాలామంది సగంలో ఉన్న పనినే పోస్టర్‌గా పెడతారు, ఏప్రిల్-మే ప్రాంతంలో ప్రాంతీయ రెసిడెన్సీ సదస్సుల్లో ఫలితాలు స్టేజీ మీద చెబుతారు. మనకేమో 2008లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆరేళ్ల ఫార్మ్‌డీలో ఐదో ఏట ప్రాజెక్టు, ఆరో ఏట ఇంటర్న్‌షిప్. వాళ్లకి రెండు అవకాశాలు దొరికే చోట మనకి చాలాసార్లు ఒక్కటే దొరుకుతుంది. అందుకే ఆ మొదటి అవకాశాన్ని మనమే గదిలో రిహార్సల్‌గా సృష్టించుకోవాలి.

మొన్న శనివారం రాత్రి బీటీఎం లేఔట్‌లో మా జూనియర్ అమ్మాయి పీజీ గదిలో అలాంటిదే పెట్టుకున్నాం. నెల్లూరు పిల్ల, మాట గలగలా వస్తుంది, ప్రాజెక్టు కూడా మంచిది: కిడ్నీ పనితీరు తగ్గిన రోగులకి మందుల డోసు సరిచేస్తున్నారా లేదా. ఫోన్‌లో టైమర్ పెట్టాను. కిడ్నీ జబ్బు ప్రపంచ సమస్య, మన దేశంలోనూ పెరుగుతోంది, కిడ్నీలో నెఫ్రాన్లుంటాయి... నాలుగున్నర నిమిషాలు గడిచాయి. ఆ తర్వాత ఎథిక్స్ కమిటీ అనుమతి, ఎక్సెల్ షీటు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరుతో సహా. తొమ్మిదో నిమిషంలో తానే ఆగి, "అక్కా, రిజల్ట్స్ ఇంకా రాలేదే!" అంది.

రాదు మరి. హాల్లో కూర్చున్నవాళ్లు ఫార్మసిస్టులు, వాళ్లకి నెఫ్రాన్ గురించి చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే. పది నిమిషాలు ఇస్తే నా లెక్క ఇది: ఎందుకు చేశామో ఒకటిన్నర నిమిషం, ఎలా చేశామో రెండు, ఏం తేలిందో నాలుగు, దాని అర్థమేంటో, మా పనిలో లోపాలేంటో కలిపి రెండు. మిగిలిన అర నిమిషం దగ్గుకి, మైకు సర్దుకోవడానికి. స్లైడ్లు పదికి మించొద్దు.

ఇప్పుడు అసలు విషయం, ఫలితాలు. ఆ అమ్మాయి ప్రాజెక్టు లాంటిదే తీసుకుందాం, అంకెలు మాత్రం పాఠం కోసం నేను అల్లినవి. 160 మంది రోగులు, వాళ్లకి రాసిన మందులు మొత్తం 412, వాటిలో కిడ్నీ పనితీరుని బట్టి డోసు మార్చాల్సినవి 96, మార్చకుండా వదిలేసినవి 36. స్లైడు మీద ఎంత శాతమని రాస్తారు? 36ని 412తో భాగిస్తే 8.7 శాతం, పర్లేదు ఆస్పత్రి బాగానే నడుస్తోంది అనిపిస్తుంది. అదే 36ని 96తో భాగిస్తే 37.5 శాతం, గుండె గుభేలుమంటుంది. రెండూ లెక్కగా నిజమే. కానీ మీరు వేసిన ప్రశ్న ‘మార్చాల్సిన చోట మార్చారా’ అయితే కింద ఉండాల్సింది 96. శాతం ఒక్కటే చెప్పి ఊరుకోకండి, "తొంభై ఆరింటిలో ముప్ఫై ఆరు" అని నోటితో అనండి, దేనిలో ఎంతో వినేవాళ్ల బుర్రలోకి అప్పుడే ఎక్కుతుంది. అడిగితే చెప్పడానికి కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు శాతం ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే అంచనా) కూడా దగ్గర పెట్టుకోండి, ఇక్కడ అది సుమారు 28 నుంచి 47 శాతం దాకా వస్తుంది. అంత వెడల్పు ఉన్నప్పుడు 37.5 అని దశాంశం దాకా గొప్పగా చదవడం కొంచెం నవ్వులాటే అనుకోండి.

ఎక్సెల్ నుంచి పద్నాలుగు వరసల టేబుల్ ఎత్తి స్లైడులో అతికించి, "సారీ, వెనకవాళ్లకి కనిపించకపోవచ్చు" అనేవాళ్లున్నారు. కనిపించదని తెలిసి ఎందుకు పెట్టావు తల్లీ? లాప్‌టాప్‌ని మంచం మీద పెట్టి మీరు గది చివర తలుపు దగ్గర నిలబడండి, చదవలేనిదంతా తీసేయండి.

ప్రశ్నల దగ్గర నా సొంత కథ చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక సదస్సులో నేనూ ఇలాంటి డోసుల పనే చెప్పాను. చప్పట్లు కొట్టారు, మురిసిపోయాను. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, "బరువు ఎవరు తూచారమ్మా?" అన్నారు. అంతే, నోరు పెగల్లేదు. ఎందుకంటే మేం వాడింది కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రం, 1976 నాటిది, కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో అంచనా వేసేది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్త పరీక్షలో తెలుస్తుంది) భాగించాలి, ఆడవాళ్లయితే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. 70 ఏళ్ల అవ్వ, బరువు 50 కిలోలు, క్రియాటినిన్ 1.4 అనుకోండి. నిమిషానికి 29.5 మిల్లీలీటర్లు వస్తుంది. అదే అవ్వ బరువు 55 అని రాస్తే 32.5. ఆ మూడు మిల్లీలీటర్ల తేడాలో ఏముంది అంటారా, మధ్యలో 30 గీత ఉంది. రక్తం గడ్డకి చికిత్సగా ఇచ్చే ఎనాక్సపారిన్ కిలోకి ఒక మిల్లీగ్రాము చొప్పున రోజుకి రెండుసార్లు వేస్తారు, 30 కంటే తగ్గితే ఒక్కసారే. అంటే రోజుకి రెండుసార్లు వేయించుకుంటున్న అవ్వ ఐదు కిలోల తేడాతో నా టేబుల్లో ‘డోసు తప్పు’ గడిలోంచి ‘డోసు సరి’ గడిలోకి దూకేస్తుంది. మంచం దిగలేని రోగిని ఎవరు తూచారు? చాలా కేస్ షీట్లలో ఉన్న బరువు పక్కన కూర్చున్న కొడుకో కోడలో ఉజ్జాయింపుగా చెప్పిందే. ఆ సంగతి నాకు తెలుసు, చెప్పకుండా దాటేశాను, ఆయన పట్టేశారు.

అప్పటినుంచి నేను చేసేది ఒకటే. చివరి స్లైడు తర్వాత చూపించని స్లైడ్లు రెండో మూడో దాచుకుంటాను: బరువు ఎక్కణ్నుంచి తీసుకున్నాం, క్రియాటినిన్ రోజురోజుకీ మారిపోతున్న రోగుల్ని ఎందుకు తీసేశాం (అలాంటివాళ్లకి ఈ సూత్రం పనికిరాదు), ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోతకి ల్యాబ్ రిపోర్టులో వచ్చే ఇంకో అంచనా) ఎందుకు వాడలేదు. అడిగితే తీస్తాను. తెలియనిది అడిగితే, "ఆ వివరం మేం సేకరించలేదు సార్" అని అక్కడే ఆగిపోతాను. ఆగకుండా ఏదో ఒకటి అల్లితే రెండో ప్రశ్న మొదటిదానికంటే గట్టిగా తగులుతుంది.

ఇక ఇంగ్లీషు టెన్షన్. మనవాళ్లలో సగంమంది మొత్తం స్క్రిప్టు బట్టీ పడతారు, మధ్యలో ఒక వాక్యం జారిందంటే మళ్లీ మొదటినుంచీ రావాల్సిందే, చిన్నప్పటి ఎక్కాలలాగా. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం నోటికి రానివ్వండి. మిగతాది ముందు తెలుగులో చెప్పి చూడండి, అదీ ఫార్మసీ తెలియని మనిషికి. మా జూనియర్‌కి ఆ రాత్రి దొరికింది సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే రూమ్మేట్, గుంటూరు అమ్మాయి, పక్క మంచం మీద గోళ్లకి రంగేసుకుంటోంది. మా జూనియర్ తెలుగులో మూడు నిమిషాల్లో మొత్తం కథ అప్పజెప్పింది. రంగు ఆరేదాకా విని ఆ రూమ్మేట్, "అయితే డోసు మార్చని అంతమంది రోగుల సంగతి డాక్టర్లకి చెప్పావా మరి? విన్నారా?" అంది.

ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. మా జూనియర్ లెక్కపెట్టింది మందుల్నే గానీ మనుషుల్ని కాదు, ఆ తికమక పోయేలా చెప్పలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. ఇక విన్నారా అన్నదానికి జవాబు తన డేటాలో ఉంది, ఎంతమంది డాక్టర్లు సలహా ఒప్పుకుని డోసు మార్చారో రాసి పెట్టుకుంది కూడా. తొమ్మిదో స్లైడులో అడుగున, చిన్న అక్షరాల్లో. దాన్ని ఆరో స్లైడుకి తెచ్చి ఒక్కదాన్నే పెట్టాం, నెఫ్రాన్ బొమ్మ తీసేశాం.

ఈ వారం హోంవర్కు: మీ ప్రాజెక్టులో ముఖ్యమైన అంకె ఒకటి ఎంచుకుని, దాని కింద ఏ అంకె ఉండాలో ఎందుకుండాలో రెండు వాక్యాల్లో రాయండి. తర్వాత ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఫార్మసీతో సంబంధం లేని ఎవరికైనా మూడు నిమిషాలు తెలుగులో చెప్పండి, వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న మాటకి మాట రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెడదాం.