బీజీపీ రూట్లకు అదనపు సమాచారం తగిలించే ముందు

నెట్‌వర్కులు తమ రూట్లను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి బీజీపీ. ఈ మెయింటెనెన్స్ విండోలో (మార్పులకు కేటాయించిన సమయంలో) రూట్లకు కొత్త కమ్యూనిటీయో (రూటుకు తగిలించే ట్యాగ్), కొత్త అట్రిబ్యూటో (రూటుతో పాటు వెళ్లే వివరం) పెట్టబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

అది మీ నెట్‌వర్క్ దాటి బయటికి పోతుందా? అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. 2010 ఆగస్టులో రైప్ ఎన్‌సీసీ (యూరప్ ప్రాంతపు ఐపీ అడ్రస్‌ల రిజిస్ట్రీ), డ్యూక్ యూనివర్సిటీ ప్రయోగం కోసం కొత్త అట్రిబ్యూట్‌తో ఒక ప్రిఫిక్స్ (ఐపీ అడ్రస్‌ల గుంపు) ప్రకటించాయి. కొన్ని రౌటర్లు దాన్ని పాడుచేసి ముందుకు పంపాయి, అందుకున్నవి సెషన్లు (పక్క రౌటర్లతో బీజీపీ కనెక్షన్లు) తెంచేసుకున్నాయి. మీ రౌటర్లలో ఆర్‌ఎఫ్‌సీ 7606 (పాడైన అట్రిబ్యూట్ వస్తే ఏం చేయాలో చెప్పే ప్రమాణం) అమల్లో ఉందా చూడండి. ఉంటే చాలా సందర్భాల్లో ఆ రూటు ఒక్కటే పోతుంది, సెషన్ నిలబడుతుంది.

ఒక్కో ప్రిఫిక్స్‌కు ఒక్కో విలువా? అట్రిబ్యూట్లన్నీ ఒకటైతేనే వందల ప్రిఫిక్స్‌లు ఒకే అప్‌డేట్‌లో (రూట్ల మార్పులు చెప్పే మెసేజ్‌లో) సర్దుకుంటాయి, మెమరీలోనూ ఒకే కాపీని పంచుకుంటాయి. విలువలు విడిపోతే రెండూ పోతాయి. లార్జ్ కమ్యూనిటీ 12 బైట్లు, మామూలుది 4 అని లెక్కలు వేస్తుంటాం గానీ, నా దృష్టిలో అసలు బరువు ఈ విడిపోవడమే.

విలువ తరచూ మారేదా? లింకు లోడు, డిలే లాంటివి పెట్టకండి. దారి మారకపోయినా అప్‌డేట్ మళ్లీ అందరికీ వెళ్తుంది.

కమ్యూనిటీలు పేరుకుపోతున్నాయా? మామూలు బీజీపీ మెసేజ్ 4096 బైట్లు దాటదు, అవన్నీ అందులోనే పట్టాలి. మీ నెట్‌వర్క్ సరిహద్దులో అక్కర్లేనివి తీసేయండి.

రూట్ రిఫ్లెక్టర్‌లో (నెట్‌వర్క్ లోపలి రౌటర్లకు రూట్లు పంచే రౌటర్‌లో) యాడ్-పాత్ (ఒకే ప్రిఫిక్స్‌కు ఒకటికి మించి దారులు పంపే సదుపాయం) ఉందా? రూట్ల సంఖ్యను దారుల సంఖ్యతో గుణించి మెమరీ చూడండి. ఈవీపీఎన్ (ఈథర్‌నెట్ వీపీఎన్‌ల సమాచారం), బీజీపీ-ఎల్‌ఎస్‌లకు (నెట్‌వర్క్ లింకుల సమాచారం) వీలైతే వేరే రిఫ్లెక్టర్ పెట్టండి, ఒకదాని రద్దీ ఇంటర్నెట్ రూట్లను ఆపకుండా.