సిస్టమ్ ఐడీని ఫోన్‌లో చదివించుకోకండి

భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యల మేత షాపులకు, రైసు మిల్లులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లకు తెలిసిన తలనొప్పే. లైసెన్స్ కీ ఇవ్వాలంటే సిస్టమ్ ఐడీ, అంటే ఆ కంప్యూటర్‌ గుర్తింపు కోడ్, కావాలి. కౌంటర్లో అబ్బాయి ఫోన్‌లో చదివితే ‘బీ’ కాస్తా ‘డీ’ అయిపోతుంది.

చదివించకండి, కాపీ చేయించండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి రెజ్‌ఎడిట్ (regedit) అని టైప్ చేయాలి. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ తెరుచుకుంటుంది. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, క్రిప్టోగ్రఫీ వరుసగా తెరిస్తే కుడివైపు మెషీన్ గుయిడ్ (MachineGuid) కనిపిస్తుంది, మనకు కావాల్సిన ఐడీ అదే. దానిమీద డబుల్ క్లిక్ చేసి, కాపీ కొట్టి వాట్సాప్‌లో పెట్టమనండి. మధ్యలో గీతలతో కలిపి 36 అక్షరాలు ఉండాలి. బయటికొచ్చేటప్పుడు ఓకే కాదు, క్యాన్సిల్ నొక్కాలి. పొరపాటున ఏదైనా చెరిపినా సేవ్ అవ్వదు.

ప్రోగ్రామ్‌లోనే ‘ఐడీ కాపీ’ అని ఓ బటన్ పెడితే ఈ గొడవే ఉండదు. కాకపోతే 64 బిట్ విండోస్ మీద 32 బిట్ ప్రోగ్రామ్ నడుస్తుంటే, రిజిస్ట్రీని 64 బిట్ వ్యూలోనే తెరవమని కోడ్‌లో చెప్పాలి. లేదంటే ఆ విలువ దొరకదు, మనం ఊరికే విండోస్‌ను తిట్టుకుంటాం.

ఒకే డిస్క్‌ను క్లోన్ చేసి నాలుగు కంప్యూటర్లకు ఎక్కించిన చోట మాత్రం ఇది పనిచేయదు. అన్నిటికీ ఒకే ఐడీ వస్తుంది. అలాంటి మిల్లుల్లో మదర్‌బోర్డు యూయూఐడీని (బోర్డుకు ఉండే సొంత గుర్తింపు కోడ్) కూడా జతచేసి చూసుకోండి.