తిరుపతి పాత బజారు హోటల్లో పొద్దుటి టిఫిన్ ఎలా తినాలి?

తిరుపతికి వచ్చేవాళ్లు దర్శనం టికెట్టు, గది, కొండెక్కే బస్సు, లడ్డూలు పెట్టుకునే సంచి, అన్నీ ముందే సిద్ధం చేసుకుంటారు. టిఫిన్ విషయానికి వచ్చేసరికి ఆ ముందుచూపు ఎక్కడికి పోతుందో తెలియదు. కడుపులో ఎలుకలు పరుగెత్తే వేళకు కనబడిన గుమ్మంలోకి దూరి, కూర్చోవడానికి చోటు లేదని సర్వర్ మీద అరిచి, చల్లారిన దోసె తిని, ఊరికి వెళ్లి ‘తిరుపతిలో తిండి బాగుండదండీ’ అని చెబుతారు. ఆ మాట వినీ వినీ విసుగు పుట్టి ఇది రాస్తున్నాను.

నేను చెప్పేది గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, గాంధీ రోడ్డు, చిన్నబజారు వీధి, తీర్థకట్ట వీధి, బండ్ల వీధి ప్రాంతాల్లో ఎప్పటినుంచో నడుస్తున్న శాకాహార హోటళ్ల గురించి. పేర్లు చెప్పను. ఒక పేరు చెబితే దానికి ముందు ‘న్యూ’ అనో, వెనక ‘గ్రాండ్’ అనో తగిలించుకున్న బోర్డు పక్క సందులోనే ఉంటుంది. మీరు అందులోకి వెళ్లి నన్ను తిట్టుకుంటారు.

కావలసినవి: చిల్లర, రుమాలు, ఆకలి. సూట్‌కేసులు గదిలోనో, స్టేషన్ సామాన్ల గదిలోనో పెట్టి రండి. పెట్టెతో వచ్చినవాడికి ఈ హోటళ్లలో కాలు పెట్టే చోటు కూడా దొరకదు.

1. వేళ

ఆరున్నరకు లోపల ఉండాలి. ఏడున్నర దాటితే పదింటిదాకా ఆ వైపు వెళ్లవద్దు. హైదరాబాదు వైపు నుంచి రాత్రంతా నడిచి వచ్చే నారాయణాద్రి, పద్మావతి రైళ్ల జనం ముఖాలు కడుక్కుని బయటికి వచ్చే వేళ అది. వాళ్లు తిని లేచేలోపు అంగళ్లు తెరవబోయే వ్యాపారులు, గుమాస్తాలు వస్తారు. శనివారాలు వదిలేయండి. తమిళుల పెరటాసి నెల, అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా, శనివారం పూట ఈ వీధుల్లో టిఫిన్ ఆలోచనే పెట్టుకోవద్దు. గదిలో అరటిపండ్లు తినండి.

2. హోటల్

బోర్డు చూడకండి, లోపల తినేవాళ్లను చూడండి. బల్లల ముందు అన్నీ నున్నటి గుండ్లే కనిపిస్తే ఇంకో హోటల్‌కు నడవండి. యాత్రికులకు రుచి తెలియదని కాదు. వాళ్లు రేపు మళ్లీ రారని వంటవాడికి తెలుసు, అదీ సంగతి. పూలు కట్టే ఆవిడ, చీరల కొట్టు గుమాస్తా, ఆటో డ్రైవరు, కోర్టుకు వెళ్లే తొందరలో ఉన్న ప్లీడరు ఒకే బల్ల దగ్గర తింటుంటే అదే మీ హోటల్. వీళ్లు వారానికి నాలుగు రోజులు వచ్చేవాళ్లు. సాంబారు ఒక్కరోజు పలచబడితే గల్లా దగ్గరే నిలదీస్తారు.

ఇంకో గుర్తు, పెనం వీధిలోకి కనబడాలి. ధరల పట్టికలో నూడుల్స్ ఉంటే గుమ్మం దాటకండి. ఇది నా చాదస్తమే, అయినా పాటించండి.

3. టోకెన్

కొన్నిచోట్ల గల్లా దగ్గర ముందే డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, కొన్నిచోట్ల తిన్నాక బిల్లు. ముందున్నవాడు ఏం చేస్తున్నాడో చూసి అదే చేయండి. కాఫీలో చక్కెర తక్కువ కావాలంటే కాఫీ కలిపేవాడికి టోకెన్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. కలిపాక చెబితే ఆయన వినడు, వినకపోవడమే న్యాయం.

4. కుర్చీ

అసలు కష్టం ఇక్కడుంది. ఇంతవరకూ చదివింది మరిచిపోయినా నష్టం లేదు, ఇది మాత్రం నిదానంగా చదవండి. నూటికి తొంభైమంది చెడగొట్టుకునేది ఇక్కడే.

గోవిందరాజస్వామిని రామానుజులవారు 1130లో ప్రతిష్ఠించారు. కింది తిరుపతి ఆ గుడిని ఆనుకుని పెరిగిన ఊరు. వీధులు సన్నం, ఇళ్ల వాకిళ్లు ఇరుకు, లోపల మాత్రం పొడుగు. అలాంటి కట్టడాల్లోనే హోటళ్లు పెట్టారు. పక్కలకు పెంచే వీలు లేదు. అందుకే బల్లలు తక్కువ, జనం ఎక్కువ. పేర్లు రాసుకునేవాడు, వరుసలో నిలబెట్టేవాడు ఎవరూ ఉండరు. ‘ఎవరినైనా అడుగుదాం’ అని గుమ్మంలో నిలబడ్డవాడు మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటాడు. దారికి అడ్డమని తిట్లు అదనం.

ఇక్కడి చట్టం ఒక్కటే. తినేవాడి వెనక ఎవరు నిలబడితే ఆ కుర్చీ వాళ్లది. కాబట్టి ఎవరి వెనక నిలబడాలన్నది ముందు తేల్చుకోవాలి. లోపలికి అడుగు పెట్టగానే పరుగెత్తకండి. గోడ పక్కన ఒక నిమిషం నిలబడి ప్లేట్లు చూడండి. ఇడ్లీ తింటున్నవాడిని నమ్మవద్దు, వాడికి ఇంకా దోసె ఉంది. దోసె సగంలో ఉన్నవాడు ఫరవాలేదు. కాఫీ గ్లాసు నుంచి డబరాలోకి, డబరా నుంచి గ్లాసులోకి ఆరబోసుకుంటున్నవాడు మీ మనిషి. అది కూడా ఒంటరిగా వచ్చిన గుమాస్తా అయితే కళ్లు మూసుకుని వెళ్లి నిలబడవచ్చు. యజమాని వచ్చేలోపు అతను కొట్టు తలుపు తీయాలి.

మోసం చేసేవాళ్లు ఇద్దరుంటారు. ఒకరు పేపరు తెచ్చుకున్న పెద్దాయన. ఆయన కాఫీ ఎప్పుడో అయిపోయింది. ఖాళీ గ్లాసు చూసి మీరు ఆశపడతారు. ఆయన మాత్రం జిల్లా పేజీలు పూర్తయ్యేదాకా లేవడు. సర్వర్లు కూడా ఆయన జోలికి పోరు. రెండోది, ఫోను ప్లేటుకు ఆనించి ఏదో చూస్తూ తినే కుర్రవాడు. చట్నీ ఎండిపోతున్నా అతనికి పట్టదు. ఈ ఇద్దరి వెనక నిలబడ్డవాళ్లు నా కళ్లముందే ఎంతమంది నీరసించిపోయారో.

నలుగురి బల్ల చూస్తే ఇంకా జాగ్రత్త. ముగ్గురు చేతులు కడుక్కుని వస్తారు, నాలుగోవాడు అప్పుడే ‘ఇంకో వడ’ అంటాడు. ముగ్గురూ మళ్లీ కూర్చుంటారు.

చోటు ఎంచుకున్నాక నిలబడే పద్ధతి ఉంది. కుర్చీ వీపు మీద చెయ్యి వేయకూడదు. తినేవాడి ప్లేటులోకి చూడకూడదు, చూస్తే పంతానికి నెమ్మదిగా తింటాడు. గోడ మీద వేంకటేశ్వరస్వామి పటం ఎలాగూ ఉంటుంది, దాన్ని చూడండి. మూరెడు దూరంలో, కొంచెం పక్కకు నిలబడండి. సర్వర్ చేతిలో సాంబారు బకెట్టు ఉంటుంది, సరిగ్గా వెనకే నిలబడితే అది మీ చొక్కా మీదికే వస్తుంది. నిట్టూర్చకండి, గడియారం చూడకండి. ఒకే ఒక్క మాట అడగవచ్చు: ‘అన్నా, ఈ సీటు ఎవరికైనా చెప్పినారా?’ పెద్దవాళ్లయితే ‘స్వామీ’ అనండి. ఈ ఊళ్లో ఆ మాట ఎవరినైనా అనవచ్చు. ‘అయిపోయింది, కూర్చుందురు రండి’ అని జవాబు వస్తే పని అయినట్టే. అడగకుండా నిలబడి, అవతలివాడు లేచే క్షణంలో ఇంకొకడితో పోట్లాటకు దిగేవాళ్లను రోజూ చూస్తాం. పోట్లాట వస్తే తీర్పు చెప్పేది గల్లా మీద ఉన్న ఓనరు కాదు, బల్లలు తుడిచే మనిషి. ఎవరు ముందు వచ్చారో ఆయనకు తెలుసు. ఆయన మాట మీద వాదించకండి.

ఆర్టీసీ బస్సు అలవాటుతో కొందరు కుర్చీ మీద రుమాలు వేసి చేతులు కడుక్కోవడానికి వెళతారు. ఇక్కడ రుమాలు చెల్లదు, తిరిగి వచ్చేసరికి దాని మీద ఎవరో కూర్చుని ఉంటారు. చేతులు ముందే కడుక్కోండి. కుర్చీ ఖాళీ కాగానే బల్ల తుడిచేదాకా ఆగకుండా కూర్చోవాలి. అయితే మోకాళ్లు పక్కకు పెట్టుకోండి, మోచేతులు పైకెత్తండి. తడిగుడ్డతో తుడిచే మనిషి మెతుకులు, చట్నీ నీళ్లు, చిందిన కాఫీ అన్నీ కలిపి ఒకే ఊపులో బల్ల అంచుకు, అంటే మీ ఒడి వైపుకే, లాగుతాడు. కింద పట్టిన ప్లేటులో సగం పడుతుంది. మిగతా సగం ఎక్కడ పడుతుందో తెల్ల పంచె కట్టుకుని వచ్చినవాళ్లను అడగండి.

కుటుంబంతో వచ్చినవాళ్లకు ఒక మాట. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలనే పట్టుదల గదిలోనే వదిలి రండి. ముసలివాళ్లను, పిల్లల్ని ముందు దొరికిన కుర్చీల్లో కూర్చోబెట్టండి. మిగతావాళ్లు ఎవరికి వాళ్లు వేట మొదలుపెట్టండి. అరగంటలో అందరూ తిని బయట కలుస్తారు. ఆరు కుర్చీలు ఒకేసారి ఖాళీ కావాలని చూసినవాళ్లు ఉపవాసం చేసినట్టే.

మేడమీద ఏసీ హాలు ఉంది కదా, అక్కడ హాయిగా చోటు దొరుకుతుంది కదా అని మీకు తెలివి పుట్టవచ్చు. దొరుకుతుంది. అదే దోసెకు ఎక్కువ డబ్బు కట్టి, మెట్లెక్కి వచ్చేసరికి మెత్తబడినదాన్ని తింటారు. పెనానికీ ప్లేటుకూ మధ్య పది అడుగులు దాటితే అది దోసె కాదు. ఆన్‌లైన్లో తెప్పించుకుని గదిలో తినేవాళ్ల గురించి నేను మాట్లాడను.

5. ఏం తినాలి

ముందు పొంగల్, వడ. తర్వాత కారం దోసె. ఇదే వరుస, తిప్పకండి. పొంగల్ ఎనిమిది లోపే తినాలి. ఆ తర్వాత పెసరపప్పు బిగుసుకుపోయి, పైన నెయ్యి పేరుకుని, గరిటెకు ముద్దగా లేస్తుంది. వేళ్ల మధ్య జారేలా ఉన్నదే పొంగల్. మిరియం గింజ పంటికి తగలాలి, పొడి కొట్టి వేస్తే ఆ ఘాటు రాదు. వడ అప్పుడే తీశారా అని సర్వర్‌ను అడిగితే ఎలాగూ అవుననే అంటాడు. పక్కబల్ల మీది వడ విరిస్తే ఆవిరి వస్తోందా లేదా చూసుకోండి. సాంబారులో ముంచిన వడ తెమ్మని చెప్పవద్దు. విడిగా తెప్పించుకుని, పెంకు కొంచెం కరకరలాడుతుండగానే మీరే ముంచుకోండి.

తిరుపతిలో పొంగల్, ఫిల్టర్ కాఫీ తమిళుల నుంచి అరువు తెచ్చుకున్నవని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం తమిళ ఊళ్లతో కలిసి ఉన్న ఉత్తర ఆర్కాడు జిల్లాలోనిదే. మన తాతలు తిన్న పొంగల్‌కు అరువు ఏమిటి? పక్కనే రాయలసీమ ఎర్రకారం ఉంది. ఒకే బల్ల మీద మిరియాల పొంగల్, వెల్లుల్లి కారం పూసిన దోసె కనబడటం ఈ ఊరికే చెల్లింది.

దోసె చెప్పే ముందు మాస్టర్ చెయ్యి చూడండి. పెనం మీద నీళ్లు చిలకరించి, చీపురుకట్టతో ఒక్కసారి తుడిచి, వరుసగా పిండి పోస్తాడు. నీళ్లు పడగానే చుయ్యిమని బొట్లు బొట్లుగా పరుగెత్తితే పెనం సరైన వేడిలో ఉంది. మెల్లగా ఇగిరిపోతుంటే ఇంకో రెండు వాయిలు ఆగి చెప్పండి. పెనం నడుమ పోసినది ఎర్రగా కాలుతుంది, అంచున పోసినది తెల్లగా మిగులుతుంది. ‘బాగా కాల్చన్నా’ అని ఒక్క మాట ముందే వేయండి. దోసె మీద వెన్న, చీజు వేయమని అడగవద్దు.

6. కాఫీ, పార్సిల్

మీ వెనక ఇప్పటికే ఒకరు నిలబడి స్వామి పటం చూస్తుంటారు. కాబట్టి కాఫీ కుర్చీలో తాగకండి, కౌంటరు దగ్గర నిలబడి తాగండి. నురుగు అణిగేదాకా రెండుసార్లు ఆరబోయండి, మూడోసారి వద్దు, చల్లారిపోతుంది.

రైలుకు పార్సిల్ కావాలంటే దోసె అడగకండి, ఆకులో చెమట పట్టి తోలులా సాగుతుంది. ఇడ్లీలు కట్టించుకోండి. కొబ్బరి చట్నీ వద్దని గట్టిగా చెప్పండి, ఎండాకాలంలో అది నెల్లూరు చేరేసరికి పులుస్తుంది. దాని బదులు కారప్పొడి, నూనె విడివిడిగా అడగండి. కట్టేవాడు మాటల్లో పడి చట్నీ పొట్లం అలవాటుగా వేసేస్తాడు, సంచి మూతి కట్టే ముందు చూసి తీసేయించండి.