టర్బో పాఠాలు 4: బూస్ట్ కంట్రోలర్ ఏం దాచిపెడుతుంది?

కిందటి పాఠం వేస్ట్‌గేట్ దగ్గర ఆగింది. ఇక్కడి నుంచే చదువుతున్నవాళ్ళకోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్దాం. ఇంజిన్‌లోంచి వచ్చే వేడి పొగ టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. అలా బయటి గాలి ఒత్తిడి మీద అదనంగా చేరే ఒత్తిడే బూస్ట్. గాలి ఎక్కువ వెళ్తే పొగ ఎక్కువ వస్తుంది, పొగ పెరిగితే చక్రం ఇంకా వేగం అందుకుంటుంది. ఈ వరసకు అడ్డుకట్ట వేసేది వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు. ఆనందపురం నుంచి సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్ళే బైపాస్ ఉంది కదా, విశాఖతో పనిలేని లారీ ఊళ్ళోకి రాకుండానే అటు పోవచ్చు. వేస్ట్‌గేట్ తెరుచుకుంటే పొగలో కొంత అలాగే టర్బైన్‌ని తాకకుండా సైలెన్సర్ వైపు మళ్ళిపోతుంది.

ఆ తలుపు తీసేది యాక్చుయేటర్. టర్బో పక్కన బత్తాయికాయంత రేకు డబ్బా, దాన్లోంచి బయటికి వచ్చిన ఇనుప రాడ్ కనిపిస్తాయి. డబ్బా లోపల డయాఫ్రమ్ అనే పల్చని రబ్బరు పొర, దాని వెనక స్ప్రింగ్. కంప్రెసర్ నుంచి సన్నని రబ్బరు పైపు ఈ డబ్బాకి వస్తుంది. స్ప్రింగ్ 0.5 బార్‌ది (బార్ అంటే ఒత్తిడి కొలత) అనుకోండి. ఒత్తిడి అంతకు చేరగానే డయాఫ్రమ్ స్ప్రింగ్‌ని నొక్కుతుంది, రాడ్ జరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. బూస్ట్ అక్కడ నిలబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. బూస్ట్ కంట్రోలర్ టర్బోకి కొత్త బలం ఏమీ ఇవ్వదు. ఆ సన్నని పైపు మధ్యలో కూర్చుని, యాక్చుయేటర్‌కి వెళ్ళే కబురును తగ్గించి చెబుతుంది, అంతే. కంప్రెసర్ దగ్గర 0.8 బార్ ఉంటే యాక్చుయేటర్‌కి ఇంకా 0.5 కూడా రాలేదన్నట్టు నమ్మిస్తుంది. తలుపు మూసే ఉంటుంది, బూస్ట్ పెరుగుతుంది. దీన్నిబట్టే ఇంకోటి తెలుస్తుంది: కంట్రోలర్‌తో బూస్ట్‌ని స్ప్రింగ్ ఒత్తిడి కంటే తగ్గించలేం. ఉన్న కబురును దాచగలదు గానీ లేని కబురు పుట్టించలేదు. 0.5 బార్ స్ప్రింగ్ పెట్టుకుని 0.3 కావాలంటే స్ప్రింగ్ మార్చుకోవాల్సిందే.

దాచే పద్ధతులు మూడు. మొదటిది బ్లీడ్ వాల్వ్: పైపులో చిన్న రంధ్రం పెట్టి కొంత గాలిని బయటికి వదిలేయడం. చవక, సులువు. కానీ మిగిలిన కొంత ఒత్తిడి మొదటి నుంచీ యాక్చుయేటర్‌కి చేరుతూనే ఉంటుంది కాబట్టి తలుపు ముందుగానే సందు ఇస్తుంది, బూస్ట్ బద్ధకంగా ఎక్కుతుంది. రెండోది గోళీ, స్ప్రింగ్ ఉన్న వాల్వ్. అనుకున్న ఒత్తిడి వచ్చేదాకా గోళీ దారి మూసేస్తుంది, యాక్చుయేటర్‌కి ఏమీ తెలియదు, తలుపు బిగుసుకునే ఉంటుంది. చేత్తో తిప్పి సెట్ చేసేవాటిలో నాకు ఇదే నచ్చుతుంది.

మూడోది ఎలక్ట్రానిక్. ఇందులో మూడు దారుల సోలనాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే వాల్వ్, ఉంటుంది: ఒకటి కంప్రెసర్ వైపు, ఒకటి యాక్చుయేటర్ వైపు, ఒకటి బయటికి. కరెంటు లేనప్పుడు కంప్రెసర్ ఒత్తిడి నేరుగా యాక్చుయేటర్‌కి పోతుంది. కరెంటు రాగానే ఆ దారి మూసుకుని, యాక్చుయేటర్‌లో గాలి బయటికి వదులుతుంది. ఇది సెకనుకు 30 సార్లు కొట్టుకుంటోందనుకుంటే ఒక్కో దెబ్బకు 33 మిల్లీసెకన్లు. డ్యూటీ 40 శాతం అంటే అందులో సుమారు 13 మిల్లీసెకన్లు కరెంటు ఉన్నట్టు. డ్యూటీ పెరిగేకొద్దీ దాపరికం పెరుగుతుంది. అయితే 40 శాతం డ్యూటీకి బూస్ట్ 40 శాతం పెరుగుతుందని లెక్క వేయకండి, ఆ రెండిటికీ సూటి లెక్క లేదు. అందుకే సెన్సర్ ఒత్తిడిని చూస్తూ ఉంటుంది, తక్కువైతే కంప్యూటర్ డ్యూటీ పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. తీగ ఊడినా బూస్ట్ స్ప్రింగ్ ఒత్తిడి దగ్గరే ఆగుతుంది. ఈ అమరికలో నాకు బాగా నచ్చే గుణం అదే. స్వీడన్‌కు చెందిన సాబ్ కంపెనీ 1980ల తొలినాళ్ళలోనే సోలనాయిడ్‌కి నాక్ సెన్సర్‌ని జతచేసింది. సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకా కొట్టుకోవడమే నాక్, దాన్ని ఈ సెన్సర్ పసిగడుతుంది. ఇంజిన్ కొట్టుకుంటే బూస్ట్ దానంతటదే తగ్గేది.

మన ఊరి నుంచి అరకు వెళ్తే ఇదంతా గేజ్ మీదే కనిపిస్తుంది. విశాఖ సముద్రమట్టంలో ఉంది, బయటి గాలి ఒత్తిడి దాదాపు 1.01 బార్. శృంగవరపుకోట దాటి ఘాటీ ఎక్కి, అనంతగిరి కాఫీ తోటలు దాటి 900 మీటర్ల ఎత్తుకు చేరేసరికి అది 0.91కి పడిపోతుంది. స్ప్రింగ్ వెనక ఉన్నది ఆ బయటి గాలే కాబట్టి గేజ్ మీద అక్కడా 0.5 అనే చూపిస్తుంది. కానీ ఇంజిన్‌కి అందే మొత్తం 1.51 కాదు, 1.41. ఆ లోటు పూడ్చాలంటే కంట్రోలర్ గేజ్ మీద 0.6 దాకా తేవాలి. అప్పుడు టర్బో గాలిని ఒకటిన్నర రెట్లు కాక 1.66 రెట్లు నొక్కాలి, అంటే ఇంకా వేగంగా తిరగాలి. చిన్న టర్బోకి అది భారమే.

ఆ ఘాటీలోనే నాకు దెబ్బ తగిలింది. మూడో గేరులో ఎక్కుతుంటే గేజ్ ముల్లు 0.7 దగ్గర ఆగకుండా 1.1 దాటింది. వెంటనే డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడు, అదే నాక్. కాలు తీసేశాను కానీ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకి, పైనున్న హెడ్‌కి మధ్య సందు మూసే పలక) అప్పటికే పోయింది. తర్వాత చూస్తే యాక్చుయేటర్ మూతి దగ్గర పైపు ఎండిపోయి, వెంట్రుకవాసి చీలిక ఇచ్చి, మూతి నుంచి ఊడిపోయింది. కబురే చేరకపోతే తలుపు ఎలా తెరుచుకుంటుంది? బండి చూసిన మెకానిక్ ఒకటే అడిగాడు: “కంట్రోలర్ పెట్టించినప్పుడు పైపు మార్చలేదా అన్నా?” మార్చలేదు. ఇంజిన్ వేడికి రబ్బరు గట్టిపడుతుంది. మూతి దగ్గర వేళ్ళతో వంచి చూడండి, తెల్లగా గీత పడితే మార్చేయండి. రెండు కొసలా క్లిప్పులు వేయండి.

ఇక ఈ వారం పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాక యాక్చుయేటర్ పైపు ఊడదీసి, గేజ్ ఉన్న చేతి పంపు తగిలించండి. రాడ్ మీద వైట్‌నర్‌తో చిన్న గీత పెట్టండి. మెల్లగా పంపు కొడుతూ గీత కదలడం మొదలైన ఒత్తిడి ఎంతో రాసుకోండి. ఒక బార్ దాటించకండి, డయాఫ్రమ్ చిరగొచ్చు. పంపు ఆపి ఒక నిమిషం చూడండి: ముల్లు దిగిపోతుంటే డయాఫ్రమ్ ఇప్పటికే చిరిగింది, లేదా కలిపిన చోట లీకు ఉంది. అలాంటి బండికి కంట్రోలర్ మాటే వద్దు. ఎలక్ట్రిక్ మోటారుతో గానీ, చాలా డీజిల్ బండ్లలోలా వాక్యూమ్‌తో గానీ నడిచే యాక్చుయేటర్లకు ఈ పరీక్ష పనికిరాదు.

వచ్చే పాఠంలో కంట్రోలర్‌ని పూర్తిగా సున్నాలో పెట్టి స్ప్రింగ్ బూస్ట్ కొలుస్తాం, అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున పెంచుతాం. అది డైనో (బండిని ఉన్నచోటే నడిపి బలం కొలిచే యంత్రం) మీదే, పెట్రోలు గాలి పాళ్ళు చూపే మీటరు పెట్టుకునే చేయాలి. బీచ్ రోడ్డు మీదా, భీమిలి రోడ్డు మీదా ఎవరూ మొదలుపెట్టకండి. అప్పటిలోగా బానెట్ ఎత్తి, ఆ సన్నని పైపు ఎక్కడ మొదలై ఏ మలుపులు తిరిగి ఎక్కడ ఆగుతోందో కాగితం మీద గీసి ఉంచుకోండి.