పశుపోషణ పరిశోధకుల తొలి పాఠం: మేత జీర్ణతను కొలిచే విధానం

నెమరువేసే పశువుల పోషణపై పరిశోధనను వృత్తిగా ఎంచుకున్నవారిలో చాలామంది మొదట ప్రయోగశాలలోని ఖరీదైన యంత్రాల వైపు చూస్తారు. నా దృష్టిలో వారు ముందుగా అలవాటు చేసుకోవలసింది తక్కెడను. పశువు ఎంత తిన్నదో, ఎంత పేడ వేసిందో సరిగా తూచకపోతే ఆపైన చేసే ఏ విశ్లేషణా నిలవదు కనుక, తిన్న మేతలో ఎంత శాతం జీర్ణమైందో కొలిచే జీర్ణతా పరీక్షను ఒక్కసారైనా మొదటి నుంచి చివరిదాకా సొంత చేతులతో చేయాలి.

జంతు ప్రయోగాలకు అవసరమైన అనుమతి పొందాక, వయసులోనూ బరువులోనూ దగ్గరగా ఉన్న ఆరోగ్యకరమైన పశువులను ఎంచుకుని, వాటికి నట్టల మందు ముందుగానే తాగించాలి. పొట్టలోని నాలుగు గదుల్లో పెద్దదైన రూమెన్‌లో మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడాలి కాబట్టి, కనీసం 14 రోజులు అదే మేత పెట్టి, తర్వాత 5 నుంచి 7 రోజులు కొలతలు తీసుకోవాలి. గడువు చాలడం లేదని చాలామంది కుదించేది ఈ అలవాటు కాలాన్నే. అలా చేస్తే పాత మేత ప్రభావం కొత్త మేత లెక్కల్లో కలిసిపోతుంది.

కొలతల రోజుల్లో మేతను తూచి వేయడం ఎంత ముఖ్యమో, మర్నాడు గాడిలో మిగిలినదాన్ని తూచడమూ అంతే ముఖ్యం. ఉదాహరణకు, పొడి పదార్థం (తేమ తీసేసిన బరువు) లెక్కన 8.5 కిలోల మేత వేస్తే 0.5 కిలో మిగిలిందని, పేడలో 3.2 కిలోలు వచ్చిందని అనుకుందాం. తిన్నది 8 కిలోలు కాగా అందులో 4.8 కిలోలు జీర్ణమైంది కాబట్టి జీర్ణత 60 శాతం. మిగులును మరిచిపోతే అదే పశువుకు 62.4 శాతం వస్తుంది. మేతను మార్చినందువల్ల వచ్చే తేడా కూడా చాలాసార్లు ఇంతకు మించదు. పైగా పశువు ఆకును ఏరుకు తిని కాడలను వదిలేస్తుంది కనుక, మిగులులో పీచు ఎక్కువగా, మాంసకృత్తులు తక్కువగా ఉంటాయి. దాన్ని వేసిన మేతతో సమానంగా లెక్కించకుండా విడిగా విశ్లేషించాలి.

పేడను 24 గంటలూ మూత్రం, మట్టి కలవకుండా సేకరించి, తూచి, బాగా కలిపిన తర్వాతే నమూనా తీయాలి. ఆరబెడితే అమ్మోనియా రూపంలో నత్రజని కొంత పోతుంది కనుక, మాంసకృత్తుల లెక్క కోసం చేసే నత్రజని పరీక్షకు కేటాయించిన భాగాన్ని పచ్చిగానే పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచాలి. రాత్రి పేడ తీసే పనిని సహాయకులకు వదిలేయాలనిపించడం సహజమే. అయినా మొదటి పరీక్షలో ఆ పనీ తామే చేయడం మంచిది.

ఇది పట్టుబడ్డాక ప్రయోగశాల పద్ధతులకు వెళ్లవచ్చు. టిల్లీ, టెర్రీ అనే పరిశోధకులు 1963లో ప్రచురించిన పద్ధతిలో మేత నమూనాను 48 గంటలు రూమెన్ ద్రవంలో, మరో 48 గంటలు ఆమ్లం కలిపిన పెప్సిన్‌లో (మాంసకృత్తులను జీర్ణం చేసే ఎంజైమ్) ఉంచుతారు. ప్రాణవాయువు తగిలితే రూమెన్ సూక్ష్మజీవులు దెబ్బతింటాయి కనుక, ద్రవాన్ని ముందే వేడిచేసిన ఫ్లాస్కులో అంచుదాకా నింపి, 39 డిగ్రీల వేడి తగ్గకుండా తీసుకువచ్చి, గుడ్డలో వడగట్టేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పంపుతూ ఉండాలి. మేత కలపని సీసాలను కూడా ప్రతి విడతలోనూ పక్కన పెట్టి, వాటిలో మిగిలిన పదార్థం బరువును మేత ఉన్న సీసాల్లో మిగిలినదాని బరువు నుంచి తీసివేయాలి.