దసరా తుఫాన్లకు ముందే సర్దుకోండి: సబ్‌వర్షన్ నుంచి గిట్‌కు మారేవాళ్లకు జాగ్రత్తలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మనవాళ్ల పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. వాళ్ల కోసం నలుగురు కలిసి చేసిన పదకోశమో, కీబోర్డో మీ చేతిలో ఉండి, అదింకా సబ్‌వర్షన్‌లోనే (ఎవరు ఏం మార్చారో ఒకే సర్వరులో దాచే సాఫ్ట్‌వేర్) ఉండి, దాన్ని గిట్‌కు (ఆ చరిత్రంతా ప్రతి ఒక్కరి కంప్యూటర్లోనూ ఉంచే సాఫ్ట్‌వేర్) మార్చాలనుకుంటే ఈ మాటలు మీకే.

మార్పిడిని అక్టోబరులో మాత్రం మొదలుపెట్టకండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర, హుద్‌హుద్ మరుసటేడు అదే తేదీన విశాఖలో, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానకు గజపతి జిల్లా ఏమైందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మార్పిడి చేసే గిట్-ఎస్‌వీఎన్ పాత రివిజన్లను (దాచిన మార్పులను) ఒక్కొక్కటిగా తెచ్చుకుంటుంది. వేలల్లో ఉంటే రోజులు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ ఫెచ్ ఆదేశం కొడితే ఆగినచోటి నుంచి సాగుతుంది, దానికి బెంగ లేదు. బెంగంతా పాత సర్వరున్న గదిలోకి నీళ్లొస్తే. అందుకే ముందు ఎస్‌వీఎన్ అడ్మిన్ ఆదేశంతో డంప్ (చరిత్రంతా ఒకే ఫైలుగా) తీసి, ఒక ప్రతి ఊళ్లో, ఇంకోటి తీరానికి దూరంగా ఉన్న బంధువుల ఇంట్లో పెట్టండి. ఆ డంప్‌ను వేరే కంప్యూటర్లో ఎక్కించి చూడండి. ఎక్కని డంప్ ఎందుకూ పనికిరాదు. మార్పిడి కూడా అలా ఎక్కించిన ప్రతి మీదే నడిపితే నెట్‌తో పని ఉండదు, త్వరగా అవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఏ లాగిన్ ఎవరిదో చెప్పే పేర్ల జాబితాకు ఇవ్వండి. సబ్‌వర్షన్ చరిత్రలో ఉండేది లాగిన్ పేరే. గిట్‌కు పూర్తి పేరు, ఈమెయిలు కావాలి. జాబితా ఇవ్వకపోతే లాగిన్ పేరుకు రిపాజిటరీ (ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే చోటు) గుర్తింపు సంఖ్య అతికించిన ఉత్తుత్తి ఈమెయిలు పడుతుంది. ఇచ్చిన జాబితాలో ఒక్కరిని మరిచినా పని ఆగిపోతుంది, ఆగడమే మంచిది. మా పదకోశంలో ‘మాష్టారు’ అనే లాగిన్‌ను ఇద్దరు టీచర్లు వాడేవారు. ఒకరు ఇప్పుడు లేరు. ఏ మాట ఎవరు చేర్చారో తేల్చడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. పోయినాయన పేరు ఎలా రాయాలో వాళ్లమ్మాయిని అడిగి తెలుసుకున్నాం. మార్పిడి అయ్యాక, బయటపెట్టకముందే, గిట్ చరిత్రను తిరగరాసే ఫిల్టర్-రెపోతో ఇద్దరి పనీ విడదీశాం. బయటపెట్టాక పేరు గానీ ఈమెయిలు గానీ మార్చాలంటే అక్కణ్నుంచి హాష్‌లన్నీ (ఒక్కో మార్పుకు గిట్ ఇచ్చే గుర్తింపులన్నీ) మారిపోతాయి. కాబట్టి ఏ ఈమెయిలు వేయాలో ప్రతి ఒక్కరినీ ముందే అడగండి.

తెలుగు, ఒడియా పేర్లున్న ఫైళ్లు గిట్ స్టేటస్‌లో (మారిన ఫైళ్లను చూపే ఆదేశంలో) బ్యాక్‌స్లాష్ 340, 260 లాంటి అంకెలుగా కనిపిస్తే పాడైపోయాయని కంగారుపడకండి. గిట్ సెట్టింగుల్లో కోర్ కోట్‌పాత్‌ను (core.quotePath) ఫాల్స్ చేస్తే అక్షరాలు మళ్లీ వస్తాయి.

ట్యాగులు (విడుదలలకు పెట్టిన గుర్తులు) బ్రాంచీలుగా (పక్కగా సాగే శాఖలుగా) వస్తాయి, వాటిని అసలు ట్యాగులుగా మార్చండి. ఖాళీ ఫోల్డర్లను గిట్ పట్టించుకోదు. ఎక్స్‌టర్నల్స్ (వేరే రిపాజిటరీల నుంచి తెచ్చుకునే ఫోల్డర్లు) వాటంతటవి రావు. స్కాన్ చేసిన పాత పుస్తకం ఎప్పుడో చెరిపేసినా చరిత్రలో ఉంటుంది, అది 100 ఎంబీ దాటితే గిట్‌హబ్ (గిట్ రిపాజిటరీలు పెట్టుకునే వెబ్‌సైటు) తీసుకోదు. పాత రివిజన్ నంబర్లను కమిట్ సందేశాల్లో (ఒక్కో మార్పుతో రాసే వివరణల్లో) ఉంచుకోమనే నేను చెబుతాను. చూపుకు బాగుండదని చాలామంది తీసేస్తారు. కానీ బగ్గుల చర్చల్లో ‘1247లో సరిచేశాం’ అని ఉన్నప్పుడు ఆ ఆధారం లేకపోతే వెతకలేం. అంతా అయ్యాక రెండు వైపులా ట్రంక్‌ను (ప్రధాన శాఖను), ప్రతి ట్యాగునూ బయటకు తీసి డిఫ్ కొట్టండి, తేడాలుంటే తెలుస్తాయి.

ఇక మనుషుల సంగతి. మాటలు చేర్చే పెద్దలకు తెలిసినవి అప్‌డేట్, కమిట్ రెండే. సబ్‌వర్షన్‌లో కమిట్ కొడితే సర్వరుకు చేరిపోతుంది. గిట్‌లో అది వాళ్ల కంప్యూటర్లోనే ఉండిపోతుంది, పుష్ చేస్తేనే మనకు అందుతుంది. మూడు నెలలు కష్టపడి చేర్చిన మాటలు ఎవరికీ చేరలేదని తెలిస్తే ఆ మనిషి మళ్లీ రాడు. తాబేలు బొమ్మకు (టార్టాయిస్‌ఎస్‌వీఎన్‌కు) అలవాటుపడిన వాళ్లకు టార్టాయిస్‌గిట్ పెట్టి, కమిట్‌నూ పుష్‌నూ కలిపి చేసే బటన్ పక్కన కూర్చుని చూపించండి. పాత సర్వరును తీసేయకండి. ప్రీ-కమిట్ హుక్‌తో (కమిట్‌కు ముందు సర్వరు నడిపే స్క్రిప్టుతో) కొత్త కమిట్లు ఆపి, అప్పుడు కనిపించే సందేశంలోనే కొత్త చిరునామా, మీ ఫోన్ నంబరు పెట్టండి. మొదటి రెండు నెలలు వారానికోసారి మీరే ఫోన్ చేసి, ‘మాష్టారూ, పుష్ అయిందా?’ అని అడగండి.